యథాతథంగా ప్రచురించండి

పరిశోధన పత్రిక సంపాదకుణ్ణి లిఫ్టులో కాల్చి చంపారు. ఆ కబురు వచ్చేసరికి కామా టీలో బిస్కెట్ ముంచుతున్నాడు. ముంచింది తినేశాడు. మాటకూ మాటకూ మధ్య ఆగుతాడని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికా పేరు పెట్టారు. తోటి ఏజెంటు కళ్లెదుటే పోయినప్పటి నుంచి అతని మనసుకు ఏదీ అంటడం లేదు.

"సరిహద్దు అవతల మన కోసం పనిచేస్తూ మీ అక్క దాక్కున్న చోటు శత్రు ముఠాకి తెలిసిపోయింది," అన్నాడు చీఫ్. "ఆ ఆచూకీ వాళ్లు అక్కడి హంతకులకి చేర్చాలి. ఫోన్లన్నీ మనం వింటున్నాం. అందుకే ఓ వ్యాసంలో, పట్టికలో అంకెలుగా దాచారు. ఏ వ్యాసమో కనిపెట్టిన సంపాదకుడు చెప్పేలోపే పోయాడు."

"సర్వర్ ఆపేస్తే?"

"పత్రిక నడిచేది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద. వ్యాసం పంపడం, పేరు బయటపెట్టని నిపుణుల సమీక్ష, ప్రచురణ, అన్నీ అందులోనే. నకళ్లు వేరే దేశాల్లో ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండుకి సంచిక దానంతటదే వచ్చేస్తుంది. లోకంలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఆ వ్యాసాన్ని లోపల్నుంచే తప్పించాలి. అక్కడ పగడం ఉంది, సాయం చేస్తుంది. రెండు వైపులా పనిచేసే మనిషి, జాగ్రత్త."

చిన్నప్పుడు అన్నం కలిపి నోట్లో పెట్టిన అక్క. భయం వెయ్యాలి. వెయ్యలేదు.

అంటించుకున్న మీసంతో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేవాడి వేషంలో కామా పత్రికాఫీసుకి వెళ్లాడు. ఎర్ర సిల్కు స్కార్ఫులో పగడం ఎదురొచ్చింది. గదంతా సెంటు ఘుమఘుమలాడింది.

"కుండీలో మొక్క వాడిందట?" అన్నాడు కామా.

"నీళ్లెక్కువయ్యాయండీ," కోడ్ చెప్పి, సంపాదకుడి లాగిన్ తెరిచి ఇచ్చింది.

కామా వ్యాసాల వెనకున్న సమీక్షలు చదివాడు. ప్రతిదాంట్లోనూ సమీక్షకులు రచయితల దుమ్ము దులిపేశారు. ఈ మాట నిర్వచించండి. ఆ లెక్క మళ్లీ చెయ్యండి. నా వ్యాసాన్ని ఎందుకు ఉదహరించలేదు? ఒక్క వ్యాసానికి మాత్రం ఇద్దరు సమీక్షకులూ పంపిన రోజే బదులిచ్చారు: "చాలా బాగుంది. యథాతథంగా ప్రచురించండి."

ఏ సమీక్షకుడు ఒక్క కామా అయినా దిద్దకుండా వదులుతాడు? ముఠావాళ్లు సమీక్షకుల పేర్లు కూడా దొంగిలించారు గానీ ఈ పండితుల లోకం తీరు నేర్చుకోలేదు.

"ఇదే," అన్నాడు.

మెడకి పిస్టల్ చల్లగా తగిలింది.

"మౌస్ వదిలెయ్ బాబూ," అంది పగడం. "నన్ను బతకనిస్తామన్నారు వాళ్లు."

"మరి మా అక్క?"

"పాపం."

కోపమూ రాలేదు. అందుకే తొందరపడలేదు. ఊపిరి బిగబట్టి జేబులో పెన్ను నొక్కాడు. మత్తు గ్యాసు భుస్సుమంది. పగడం కార్పెట్ మీద వాలిపోయింది.

గడియారంలో పెద్ద ముల్లు పన్నెండుకి అంగుళం దూరంలో ఉంది. "దిద్దుబాట్లు అవసరం" బటన్ నొక్కాడు. కదల్లేదు. "రచయితకు వ్యాఖ్య తప్పనిసరి" అంది సాఫ్ట్‌వేర్. జీవితంలో మొదటిసారి ఆగకుండా టైపు చేశాడు: "రెండో పట్టిక నమ్మశక్యంగా లేదు."

వ్యాసం జాబితాలోంచి మాయమైంది. గడియారం పన్నెండు కొట్టింది. సంచిక వచ్చింది, అది లేకుండా.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "చోటు మారానురా. తిన్నావా?"

"తిన్నానక్కా." టీలో ముంచిన బిస్కెట్ పైకి తియ్యడం మర్చిపోయి, అది కరిగిపోయాక చూసుకున్నాడు. ఆశ్చర్యపోయాడు.

చీఫ్ నవ్వుతూ వచ్చాడు. "వ్యాసం రాసిన ముఠా ప్రొఫెసర్ దొరికాడోయ్. నేరమంతా ఒప్పేసుకున్నాడు. ఆ పట్టికని తప్పుపట్టిన సమీక్షకుడెవరో చెప్పమని మాత్రం లాకప్పులో ఒకటే గోల. చెప్పెయ్యనా?"

కామా ఆగాడు.

"కుదరదండీ. సమీక్షకుల పేర్లు రహస్యం."