పదకొండింటి మొటిమ

"మేడమ్, మీరు ఎప్పుడైనా చెట్టు చూశారా?"

పదిమంది ముందు, పరిచయమైన రెండో నిమిషంలో ఆ మనిషి అడిగిన మొదటి ప్రశ్న అది. అడవి మధ్యలో ముప్పై మీటర్ల టవర్ ఎక్కి గాలిని కొలిచే టెక్నీషియన్ అతను. ఆ లెక్కలు తీసుకుని, ఎండెంత, వానెంత, ఆకెంత అని చూసి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు తగ్గుతుందో చెప్పే మోడల్ రాస్తుంది ఈమె. మనిషి చిన్నగా, మాట ఘాటుగా ఉంటుందని ఆఫీసులో ఆమెకి మిరియం అని పేరు పెట్టారు.

"చూశాను. మీలాగా ఎక్కి కూర్చునే అలవాటు లేదు," అంది మిరియం.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అక్కడే ఆమెకి ఒళ్లు మండింది. తిట్టు తిన్నవాడే నవ్వేస్తే తిట్టినవాళ్లకి ఇంకేం మిగులుతుంది? ఆ రోజే అతని నంబర్ని 'టవర్ దొర' అని సేవ్ చేసుకుంది.

అది నాలుగు నెలల కిందటి మాట. అప్పట్నుంచీ రోజూ గొడవే. ఆ గొడవకి కారణం ఒక మొటిమ.

పదకొండు దాటాక, ఎండ బాగా ఉన్నప్పుడు, ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ని గటగటా తాగేస్తాయి. గ్రాఫులో గీత కిందికి దిగాలి. మిరియం మోడల్లో బుద్ధిగా దిగేది. టవర్ పంపిన లెక్కలో మాత్రం, నున్నగా దిగుతున్న గీత మీద సరిగ్గా అక్కడే ఒక మొటిమ లేచేది. గాలి గట్టిగా వీచిన రోజు ఉండేది కాదు. ఆదివారం అసలే ఉండేది కాదు. ఆదివారం సెలవు పెట్టే చెట్టు లోకంలో ఎక్కడైనా ఉంటుందా?

"మీ మెషిన్ పాడైంది," అనేది మిరియం.

"నా మెషిన్ అబద్ధం చెప్పదు మేడమ్. మీ మోడల్‌కే లోకం తెలీదు."

"ఆదివారం మీరు దాన్ని ముట్టుకోరు, అది బాగుంటుంది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది?"

"ఆదివారం మీరు నన్ను తిట్టరు. అందుకని బాగుంటుందేమో!"

ఆ అడవిలో కింద సిగ్నల్ ఉండదు. టవర్ పైన ప్లాట్‌ఫామ్ మీదికి ఎక్కితేనే ఫోన్ కలుస్తుంది. అందుకని అతను రోజూ పదకొండు దాటాక పైకెక్కి, ఫిల్టర్ చూసి, ఫోన్‌లో రిపోర్ట్ చెప్పేవాడు. రిపోర్ట్ రెండు నిమిషాలు, పోట్లాట ఇరవై నిమిషాలు.

"రాత్రి ఇక్కడ వాన పడింది మేడమ్. తడిసిన మట్టి ఊపిరి వదులుతోంది. ఆ వాసన మీ మోడల్‌కి తెలుస్తుందా?"

"మట్టి తడి మోడల్లో ఉంది. కవిత్వం లేదు. ఇంకేమైనా ఉంటే మెయిల్ చేయండి."

మెయిల్ చేయమనేది కానీ, ఫోన్ పెట్టేసేది కాదు. మేధావుల తెలివి అలాగే ఉంటుంది.

సోమవారం పెద్దసారు పిలిచాడు. తల మీద జుట్టు కన్నా నోట్లో సలహాలు ఎక్కువున్న మనిషి.

"శుక్రవారం రివ్యూ ఉందమ్మా. ఆ టవర్ లెక్క నమ్మొచ్చా, లేదా? నమ్మలేమంటే మూసేద్దాం. ఆ అబ్బాయిని సముద్రం ఒడ్డు స్టేషన్‌కి పంపేద్దాం."

"నమ్మలేం సార్," అంది మిరియం. అక్కడికక్కడే నోట్ రాసిచ్చింది. పీడ విరగడైందనుకుంది. సీటుకొచ్చి టీ తాగితే చప్పగా అనిపించింది. చక్కెర వేయలేదేమో అనుకుంది. వేసే ఉంది.

బుధవారం జోరున వాన పడుతుంటే ఇంట్లోనే కూర్చుని పని చేసింది. కూరగాయలు తరుగుతున్న అమ్మ తలెత్తింది.

"ఏమే, నీ శత్రువు ఇంకా ఫోన్ చేయలేదా?"

"ఎవరు?"

"పదకొండు కాగానే ఫోన్ వంక చూస్తావుగా! కిందటి నెల జ్వరమొచ్చి పడుకున్నప్పుడూ 'టైమెంతైందమ్మా' అని నాలుగుసార్లు అడిగావు. నువ్వు పడుకోవాలని ఆ రోజు నేనే ఫోన్ ఆఫ్ చేసి దాచేశాను."

"అమ్మా! ఆ దొరంటే నాకు పరమ చిరాకు."

"నాకూ మీ నాన్నంటే అంతే. ఇరవై ఎనిమిదేళ్లయింది."

అమ్మతో వాదించి గెలిచిన కూతురు లేదు. మిరియం లాప్‌టాప్ వైపు తిరగబోయి ఆగిపోయింది. ఫోన్ వచ్చేది పదకొండింటికి. మొటిమ లేచేదీ పదకొండింటికే.

ఇన్నాళ్లూ గంటకోసారి సగటు మాత్రమే చూసింది. ఇప్పుడు నిమిషం నిమిషం లెక్క బయటికి తీసి, పక్కన తన ఫోన్ కాల్స్ జాబితా పెట్టుకుంది. కిందటి నెల మూడో తారీఖున కాల్ పదకొండూ ఏడు నుంచి పదకొండూ ఇరవైతొమ్మిది దాకా. మొటిమా అంతే. పదో తారీఖున అతన్ని నలభై నిమిషాలు ఉతికి ఆరేసింది. మొటిమా నలభై నిమిషాలు.

గాలి పీల్చే పైపు మూతి ప్లాట్‌ఫామ్ మీదే ఉంటుంది. ఆ బుద్ధిమంతుడు దాని పక్కన నిలబడి, ఊపిరంతా దాని నోట్లోకే వదులుతున్నాడు! నాలుగు నెలలుగా ఆమె అడవంతా గాలించిన దొంగ రోజూ ఆమెతోనే మాట్లాడుతున్నాడు.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది," అని తల కొట్టుకుంది.

ఒక్క రోజు మాత్రం లెక్క కుదరలేదు. పద్దెనిమిదో తారీఖు. ఆమెకి జ్వరం వచ్చిన రోజు. జాబితాలో కాల్ లేదు, ఫోన్ ఆఫ్‌లో ఉంది. మొటిమ మాత్రం ఉంది, అన్నిటికన్నా పెద్దది. పదకొండూ అయిదు నుంచి పన్నెండూ ఇరవై దాకా.

మిరియం దాన్ని చాలాసేపు చూసింది. ఎందుకో కళ్లు తడిశాయి. తనని తానే విసుక్కుని తుడుచుకుంది.

ఆ రోజు వానకి అతను టవర్ ఎక్కలేదేమో, ఫోన్ రాలేదు. గురువారం వచ్చింది.

"ఫిల్టర్ మార్చాను మేడమ్. మీ నోట్ చూసి టవర్ మూసేస్తున్నారట. సంతోషమేనా?" అతని గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"ఎక్కడ నిలబడ్డారు?"

"టవర్ మీద."

"టవర్ మీద ఎక్కడ?"

"పైపు పక్కన. నీడ ఇక్కడొక్కచోటే ఉంటుంది."

"అవతలి మూలకి జరగండి."

"అక్కడ ఎండ మేడమ్!"

"మాడిపోండి. ముందు జరగండి."

జరిగాడు. ఆమె స్క్రీన్ మీద గీత నెమ్మదిగా దిగి, మోడల్ గీతతో కలిసిపోయింది.

"నాలుగు నెలలుగా నా మోడల్ని మీ నోటితో పాడుచేశారు," అని జరిగిందంతా చెప్పింది. అతను పగలబడి నవ్వాడు.

"అంటే మన పోట్లాటలన్నీ మెషిన్ రాసిపెట్టుకుందా?"

"రాసిపెట్టుకుంది. కిందటి నెల పద్దెనిమిదిన నా ఫోన్ ఆఫ్‌లో ఉంది. గంటా పావు అక్కడ ఏం చేశారు?"

నవ్వు ఆగిపోయింది.

"ఫిల్టర్..."

"ఫిల్టర్‌కి రెండు నిమిషాలు. మీ మెషిన్ అబద్ధం చెప్పదన్నారుగా, ఇప్పుడు చెబుతోందా?"

"చెప్పదు," అన్నాడు. "ఆఫీసుకి చేస్తే మీకు జ్వరమన్నారు. ఎలా ఉన్నారో తెలీదు. ఒకవేళ ఫోన్ ఆన్ చేస్తారేమోనని చేస్తూనే ఉన్నాను. మీ తిట్లు వినకపోతే నాకు రోజు గడిచినట్టుండదు మేడమ్. ఇష్టం ఉండబట్టే ఇన్నాళ్లూ పడ్డాను. చాలా? ఇంక నవ్వుకోండి."

మిరియం నవ్వలేదు.

"ఇంకోసారి మేడమ్ అన్నావంటే చంపేస్తాను," అంది.

శుక్రవారం రివ్యూలో లేచి నిలబడింది. "సార్, నా నోట్ తప్పు. టవర్ బాగానే ఉంది. ఆ మొటిమకి కారణం నేనే."

"నువ్వు అడవిలో లేవు కదమ్మా?" అన్నాడు పెద్దసారు.

చెప్పక తప్పలేదు. చెప్పింది. గదిలో నవ్వులు ఆగడానికి అయిదు నిమిషాలు పట్టింది. లోకం నోరు మూయించే మిరియం ఆ అయిదు నిమిషాలూ చెవులదాకా ఎర్రబడి నిలబడే ఉంది. టవర్ మాత్రం నిలిచింది.

సోమవారం ఆమె స్వయంగా టవర్ ఎక్కింది. మెట్టుమెట్టుకీ అతన్ని తిడుతూ, పడిపోకుండా నడుముకి కట్టిన బెల్టుని తిడుతూ ఎక్కింది. ఆఖరి మెట్టు దగ్గర అతను చెయ్యి అందించాడు. కింద, చూపు ఆనినంత దూరం చెట్ల తలలే.

"ఇప్పుడు చూశావా చెట్టు?"

"ఊఁ. పర్లేదు." పైకొచ్చాక కూడా ఆమె చెయ్యి వదల్లేదు. "ఆదివారం మా అమ్మ నిన్ను భోజనానికి రమ్మంది. శత్రువుని చూడాలట."

మర్నాడు గ్రాఫులో కొత్త మొటిమ కనిపించింది, పాతవాటికి రెట్టింపు. నీడ ఒక్కచోటే ఉంది మరి. మిరియం ఆ గంటని లెక్కలోంచి తీసేసి, కారణం రాయాల్సిన గడిలో 'ఇద్దరం' అని రాసింది.