నెత్తిన లైట్లు, కింద పాత షాకులు

పొద్దున్నే పెనం మీద రొట్టె తిప్పుతూ కిటికీలోంచి వాకిట్లోకి చూసిన నీవెస్ అట్లకాడ పక్కన పడేసింది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న తమ పికప్ బండి ఇప్పుడు మూతి ఆకాశానికెత్తి నిలబడి ఉంది. పైకప్పు మీద ఈ చివర నుంచి ఆ చివరకు లైట్ల పట్టీ. పక్కనే ఆమె భర్త ఉబాల్దో, తడిగుడ్డ పట్టుకుని, పసిబిడ్డకు నీళ్లు పోసినవాడిలా మురిసిపోతున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు లోపలికి వచ్చి.

"షాకులేవి?"

"ముందు తినడానికేదైనా పెట్టవే."

"షాకులేవని అడుగుతున్నాను. మీ అమ్మ రెండు మేకలమ్మి ఇచ్చింది దేనికి? ఈ దీపాలకా?"

అత్తగారు క్లెయోఫాస్ వీళ్లుండే సాన్ ఫెలిపే ఊరికి చాలా దూరంలో, ఎడారిలో తన చెల్లెలితో కలిసి మేకలు పెంచుకుంటోంది. ఆమె కాలి మీద పుండు ఎంతకీ మానడం లేదు. వారం వారం ఊళ్లో ఆస్పత్రికి తెచ్చి కట్టు మార్పించాలి. దారంతా ఎండిపోయిన వంకలోనే. కుదుపును మింగాల్సిన బండి షాకులు నూనె కారిపోయి ఎప్పుడో పనికిరాకుండా పోయాయి. ప్రతి గతుకూ నేరుగా ఆ కాలికే తగిలేది. అరిస్తే బండి నడిపే కోడలు కంగారు పడుతుందని ఆవిడ నోట్లో రుమాలు కుక్కుకుని కూర్చునేది. ఆ రుమాలును చూసే నీవెస్ మొగుడి వెంటపడింది, ముందు షాకులు, తర్వాత గట్టి టైర్లు, మిగతావన్నీ ఆ తర్వాతే అని.

ఈ మహానుభావుడు పాత షాకుల నెత్తినే అల్యూమినియం దిమ్మలు పెట్టించి మూతి పైకి లేపించాడు. బండి ఎత్తు పెరిగింది, కుదుపు కూడా పెరిగింది.

"ఎల్లుండి ఎడారిలో బండ్ల రేసు. ఊరు ఊరంతా వంక గట్టు మీదే ఉంటుంది. డొక్కు బండి వేసుకుని నేనెలా పోను? షాకులు కిందెక్కడో ఉంటాయి, ఎవడు చూడొచ్చాడు?"

"మీ అమ్మ కాలు చూస్తుంది."

"వచ్చే నెల వేయిస్తానన్నానుగా! అప్పుడే కొంప మునిగినట్టు..."

"ఛీ!" అంది నీవెస్. పెళ్లయ్యాక అతని మీద కోపం ఎన్నోసార్లు వచ్చింది. రోత పుట్టడం మాత్రం ఇదే మొదలు. రొట్టె అతని పళ్లెంలో పడేసి తాళాలు తీసుకుంది. "ఇవాళ కట్టు మార్చే రోజు. వస్తావా?"

"నాకు పనుంది."

ఆ పని వీధిలోంచే హారన్ కొట్టింది. స్నేహితుల బండి వెనక పారలు కనిపించాయి. అవెందుకో ఆమె అడగలేదు. ఆ ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. రేసుకు ముందు మగాళ్లు వంకలో ఇసుక గుట్ట పోసి, దాని వెనక గొయ్యి తవ్వుతారు. దూసుకొచ్చిన రేసు బండి గాల్లోకి లేస్తే గట్టు మీద వాళ్లకు పండగ. ఊరివాళ్ల బండి వస్తే మాత్రం ఎవడో ఒకడు కిందికి దిగి, చొక్కా ఊపి పక్కకు తప్పిస్తాడు. అదొక్కటే వాళ్ల మర్యాద.

అత్తగారిని ఎక్కించుకుని తిరిగొస్తుంటే, దారి చూసుకోవడానికి ముందుగా వచ్చిన రేసు బండి ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. దాని దుమ్ముకు కళ్ల ముందు ఏమీ కనబడలేదు. నీవెస్ అసహ్యపడుతూనే ఆ కొత్త లైట్ల మీట నొక్కింది. మలుపు తిరిగేసరికి, వెళ్లేటప్పుడు లేని ఇసుక గుట్ట. బ్రేకు తొక్కేలోపే మూతి పైకి లేచింది.

"ఎగిరిందిరోయ్!" అని గట్టు మీద నుంచి కేక. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు.

బండి గోతిలో కూలబడింది. షాకు ఒకటి ఫట్టున విరిగింది. లైట్ల పట్టీ తీగలతో సహా అద్దం మీదికి వేలాడింది. ముసలావిడ తల పైకప్పుకు కొట్టుకుంది, కాలి కట్టు ఎర్రగా తడిసింది. అప్పటికీ ఆమె రుమాలు వదల్లేదు.

ఫోను పట్టుకుని వీడియో తీస్తూ నవ్వుతూ పరిగెత్తుకొచ్చిన ఉబాల్దో, దుమ్ము తగ్గి బండిని గుర్తుపట్టగానే బిగుసుకుపోయాడు.

"చొక్కా ఊపలేదేం?" అంది నీవెస్.

"రేసు బండి అనుకున్నాం... మూతి ఎత్తుగా ఉంది... లైట్లు..." అని నసిగాడు.

"సొంత బండే పోల్చుకోలేకపోయావు. కన్నతల్లి ఎగిరిపడుతుంటే కేకలేశావు. నీ మొహం చూడాలంటేనే వెలపరంగా ఉంది నాకు!"

క్లెయోఫాస్ నోట్లోంచి రుమాలు తీసింది. "నా మేకలు బాగానే ఎగిరాయా, నాయనా?" అని అడిగింది.

ఉబాల్దో ఇసుకలో కూలబడ్డాడు. తల్లి కాలు పట్టుకోబోయి, రక్తం చూసి, చేతులు వెనక్కి తీసుకుని పసివాడిలా ఏడ్చాడు.

"తర్వాత ఏడుద్దువు గాని," అంది ముసలావిడ. "ముందు ఆ గొయ్యి పూడ్చు. ఇంకో ముసలిది వస్తుంటుంది ఈ దారిన."

స్నేహితుల బండిలో అత్తగారిని ఎక్కించుకుని వెళ్తూ నీవెస్ వెనక్కి చూసింది. గట్టు మీది జనం "పూడ్చకురా!" అని ఈలలు వేస్తున్నారు. ఉబాల్దో తలెత్తకుండా పారతో ఇసుక తోస్తున్నాడు. ఆమె మనసు కరగలేదు.

రేసు రోజు అతను గట్టు మీదికి వెళ్లలేదు. లైట్ల పట్టీ అమ్మేశాడు, దిమ్మలు పీకేయించాడు, పడవ మీద రొయ్యల వేటకు కూలికెళ్లి కొత్త షాకులు తెచ్చాడు. అవి బిగించేదాకా స్నేహితుడి బండి అడిగి తల్లిని తనే నడుపుకుంటూ తెచ్చాడు. నీవెస్ అన్నం పెట్టింది, మాట్లాడలేదు.

షాకులు బిగించిన వారం ముగ్గురూ కలిసి ఆస్పత్రికి బయల్దేరారు. మూతి దించుకున్న బండి గతుకుల మీద మెత్తగా ఊగుతూ పోతోంది. అయినా ఆ మలుపు దగ్గర ఉబాల్దో బండి ఆపి, కిందికి దిగి, ముందుకు నడిచి చూసి వచ్చాడు.

"ఏమీ లేదమ్మా," అన్నాడు.

ముసలావిడ సంచిలోంచి రుమాలు తీసింది. నీవెస్ ఊపిరి బిగబట్టింది. క్లెయోఫాస్ దాన్ని నోటి దగ్గరికి తీసుకెళ్లలేదు. కొడుకు నుదుటి మీది చెమట తుడిచి, మడిచి మళ్లీ లోపల పెట్టుకుంది.

నీవెస్ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. చాలా రోజుల తర్వాత మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"పద," అంది. "ఆస్పత్రిలో మన కోసం కాచుక్కూచోరు."