సోని వసమడి, ఎడ్విన్ పైన్ నారు

అరకు దగ్గర కొండవాలు మీది నర్సరీలో చేరిన మూడో రోజే ఎడ్విన్ సోని చేత చీవాట్లు తిన్నాడు. మంచి చేద్దామని బయల్దేరే మనుషులతో వచ్చే చిక్కే అది. ఎదుటివాళ్ళను అడగరు.

అది 1997 జనవరి. పార్వతీపురం కుర్రాడు, బోటనీలో డిగ్రీ, మొదటి ఉద్యోగం. నర్సరీలో పాలిథిన్ సంచుల నిండా పైన్ నారు. వాలు దిగితే ఊట నేల, అందులో సోంబరు అనే రైతు వసమడి. చంటిపిల్లలకు మాటలు రావాలని అరగదీసి నాలుకకు రాస్తామే, ఆ వస.

మడిలో చీలమండ లోతు నీళ్ళు చూసి ఎడ్విన్ కంగారుపడ్డాడు. అల్లం, పసుపు అయితే ఇన్ని నీళ్ళకు కుళ్ళి కంపు కొడతాయి. వస కూడా భూమిలో ఊరే కొమ్మే కదా! పాపం ఎవరూ చూసుకోలేదనుకుని, పార అందుకుని గట్టుకు గండి కొట్టాడు. నీళ్ళు బుడబుడా పోతుంటే ఆనందంగా చూస్తూ నిలబడ్డాడు.

"ఏటి సేత్తన్నావు సారూ?"

వెనక్కి తిరిగితే ఒక అమ్మాయి. నెత్తిమీద పచ్చగడ్డి మోపు, కళ్ళల్లో నిప్పులు. సోంబరు కూతురు సోని.

"నీళ్ళు నిలిచిపోయాయి. వేరు కుళ్ళిపోతుందని..."

"కుల్లిపోద్దా? నీల్లు లేకపోతే సచ్చిపోద్ది అది! నీ సదువులో సెప్పనేదేటి?"

"చెప్పలేదు. వస ఇలా నీళ్ళలో బతికే మొక్క అనుకోలేదు."

"మరేటనుకున్నావు, ఉల్లిపాయా? బేగి పూడ్సు!"

పూడ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. గట్టుమీద కూర్చుని అటు మట్టి వెయ్యి, ఇటు తొక్కు అని ఆమె పని చేయిస్తుంటే, ఈ పిల్లకు కోపం కూడా ఎంత బాగుందో అనుకున్నాడు. సిగ్గులేని ఆలోచన, కానీ నిజం.

ఆ తర్వాత సోని రోజూ మేకల వంకతో నర్సరీకి వచ్చేది. వసపిట్టలా ఒకటే వాగుడు. ఎడ్విన్ జల్లెడ మూతి ఉన్న రోజ్ క్యాన్‌తో పైన్ సంచులకు పైపైన నీళ్ళు చిలకరిస్తుంటే ఆమెకు నచ్చేది కాదు.

"పిసినారి సారూ, దాహం తీరా పొయ్యవేటి?"

"దీనికి ఇంతే చాలు. కింద ఇసక మట్టి ఉండాలి, పోసిన నీరు జారిపోవాలి. మీద ఎండ తగలాలి. కాళ్ళు తడిగా ఉంటే బతకదు."

"నా వసకి కాల్లు ఆరితే బతకదు. నీడైనా ఊరుకుంటాది, నీల్లు మాత్రం ఉండాల. అదేటి, ఆ సంచిలో ఏదో మట్టి కలుపుతన్నావు?"

"పాత పైన్ చెట్ల కింది మట్టి. పిడికెడు కలపకపోతే మొక్క ఎదగదు. ఆ మట్టిలో దీని వేళ్ళకు సాయం చేసే బూజు ఉంటుంది."

"ఓలమ్మో! పుట్టింటి మట్టి మూట కట్టుకుని ఒచ్చినాదా? కొత్త కోడలిలాగే ఉన్నాదే!"

ఆమె నవ్వుతుంటే ఎడ్విన్ చేతిలో క్యాన్ ఒలికి ఒక సంచి నిండిపోయింది. గబగబా దాన్ని వంచి నీళ్ళు పారబోశాడు.

మార్చిలో అతను సెలవు పెట్టి ఇంటికి బయల్దేరాడు. పని ఒక్కటే, అమ్మతో సోని సంగతి చెప్పడం. వాచ్‌మన్ సుక్రు నీళ్ళు పెడతాడు, నువ్వూ ఓ కన్నేసి ఉంచమని సోనికి చెప్పి వెళ్ళాడు.

అమ్మ మగ్దలేనమ్మ ముందు అలిగింది, తర్వాత ప్రార్థన చేసుకుంది, చివరికి సరేనంది. ఎడ్విన్ గాల్లో తేలుతూ తిరిగొచ్చాడు. నర్సరీలో సగం నారు మొదలు దగ్గర కుళ్ళి నేలకొరిగి ఉంది. సంచులు పేర్చిన మళ్ళల్లో నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి.

సోని పరుగున వచ్చింది. "ఒచ్చినావా సారూ! నాను రోజూ..."

"గండి కొట్టినందుకు ఇలా కసి తీర్చుకున్నావా?"

 సోని గిరుక్కున తిరిగి కిందికి దిగి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. కొండంతా నిశ్శబ్దంగా ఉంది, ఎడ్విన్‌కు అన్నం సహించలేదు.

జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన సుక్రు కుళ్ళిన సంచులు ఏరుతూ అన్నాడు. "పైపు పగిలి నీల్లు రానేదు సారూ. నాకేమో జొరం. సోనే ఊట కాడ నుంచి బిందెలతో మోసినాది. మొక్కలు తలలొంచేసినాయి, సారొచ్చేలోగా సచ్చిపోతాయని ఒకటే ఏడుపు. ఇప్పుడు పెదబయలు నుంచి సమ్మంధం ఒత్తాదంట ఆ గుంటపిల్లకి."

ఎడ్విన్ బతికున్న మొక్క వైపు చూశాడు. దాని సూదులు కిందికి వేలాడుతున్నాయి. ఈ రకం పైన్ తీరే అంత, ఎంత ఆరోగ్యంగా ఉన్నా సూదులు వేలాడుతూనే ఉంటాయి. ఆ ముక్క అతను సోనికి ఎప్పుడూ చెప్పలేదు, దాహమనుకుని పోసింది. ఆ నిట్టనిలువు వాలు మీద బిందెలు మోసింది! అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. పరుగున కిందికి దిగాడు.

సోని మడిలో కలుపు తీస్తోంది. ఎడ్విన్ చెప్పులతోనే నీళ్ళలోకి దిగాడు.

"తప్పయింది సోనీ. అనకూడని మాట అన్నాను."

"నాకు కసుంటే మేకల్ని ఒగ్గేద్దును. ఒక్క పూటలో మేసేసేవి. బిందెలు మోసి మరీ సంపుతానేటి?"

"చంపవు. నాకు బుద్ధి లేదు. నువ్వంటే నాకు ప్రాణం. మా అమ్మను అడగడానికే ఊరెళ్ళాను. ఒప్పుకుంది."

సోని నడుము నిలబెట్టింది. "మీయమ్మని అడిగినావా? మరి నన్ను?"

 గండి కొట్టిన రోజూ ఎడ్విన్ ఇలాగే ఎవరినీ అడగలేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను చేసుకుంటావా? నీకేం కావాలో నువ్వే చెప్పు. నేను ఊహించుకోను."

"పార్వతీపురం రాను. ఈ మడి ఒగ్గను. తెలీకపోతే అడుగు, అంతేగానీ మాటనకు."

"సరే."

"సరే అన్నీసినావు! ఆలోసించవేటి?"

"ఊళ్ళోనే ఆలోచించుకున్నాను. ఇక్కడే ఉంటా."

సోని తల తిప్పేసుకుంది, నవ్వు కనబడకుండా. "అయితే పెదబయలోల్లు రాకముందే మా అయ్యని అడుగు. బేగి!"

సోంబరు ఇంటి అరుగుమీద బుట్ట అల్లుతూ ఎడ్విన్ చెప్పిందంతా విన్నాడు. కూతురి మొహం చూశాడు. "పిల్లకి ఇష్టమైతే నాకేటి? పెదబయలోల్లకి కబురెట్టేత్తాను. మీ యమ్మని రమ్మను బాబూ. మా కాడ పిల్లనడగాలంటే కల్లు కుండతో ఒత్తారు."

 మగ్దలేనమ్మ చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శి. కల్లు కుండ వైపు కన్నెత్తి కూడా చూడదు. ఏదో ఒకటి సర్ది చెప్పబోయి ఆగాడు.

"మా అమ్మ కల్లు ముట్టదు మామా. ఏం చెయ్యమంటారు?"

సోంబరు ఆలోచించాడు. "కుండైతే ఉండాల. అందులో మీ యమ్మ ఏటి తాగుతాదో అదే తెమ్మను."

ఆ వారమే మగ్దలేనమ్మ నిమ్మకాయ షర్బతు కుండతో జీపు దిగింది. సోంబరు ఆకు దొప్ప నిండా పోయించుకుని, అలవాటు లేని ఆ తీపిని ఒక్క చుక్క మిగల్చకుండా తాగి, "బాగున్నాది" అన్నాడు. రెండో దొప్ప మాత్రం అడగలేదు.

ఆ రెండోది సోని నింపింది. మగ్దలేనమ్మ చేతికి అందిస్తూ, "ఎండలో ఒచ్చినావు, నువ్వూ తాగు అత్తా" అంది.