వంగిన కార్డు ధర

"మా అమ్మాయిని దొంగంటున్నారమ్మా!"

తలుపు తోసుకొచ్చిన మనిషి కూర్చోకుండానే అరిచింది. ఆమె చెప్పు ఒకటి గుమ్మంలో, ఒకటి గది మధ్యలో పడ్డాయి. ఆమె వెనుక ఇరవై ఏళ్ల అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది.

పోర్ట్ బ్లెయిర్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరు తెచ్చుకున్న ప్రమోద చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. ఆమె సహాయకుడు అప్పలరాముడు కుర్చీలు లాగి, మంచినీళ్లిచ్చాడు. ప్రమోద ముందు ఎవరైనా ఇలా అరుస్తుంటే అతనికి లోలోపల సంతోషమే. చివరికి ఆ అరుపు అసలు దొంగ మీదికే తిరుగుతుందని అతనికి తెలుసు.

వచ్చినామె పద్మిని, హోప్ టౌన్ నుంచి ఫెర్రీలో వచ్చింది. అమ్మాయి సుమ. ఓడలో ఉద్యోగానికి ఎంపికైంది. చెన్నైలో శిక్షణ పూర్తి చేసి చేరాలి. ఫీజు కోసం తన దగ్గరున్న ఒక ఆట కార్డు అమ్మింది. 'సాగరసేన' అనే ఆటలో నీలి తిమింగలం కార్డు. ముందు వైపు మెరుపు పొర ఉంటుంది, చాలా అరుదు. కొన్నవాడు లంబాలైన్‌లో ఉండే కాంట్రాక్టరు సత్యారావు. ఇప్పుడాయన అది నకిలీదంటున్నాడు. కార్డులు మార్చుకునే వాళ్ల ఫోన్ గ్రూపులో సుమ ఫొటో పెట్టి 'ఈ పిల్ల దొంగ' అని రాశాడు. సోమవారంలోగా డబ్బు తిరిగివ్వకపోతే పోలీసు కేసు పెడతానన్నాడు.

"ఉద్యోగానికి పోలీసుల దగ్గర్నుంచి కాయితం రావాలట. కేసు పడితే ఇస్తారేటమ్మా? పిల్ల అన్నం మానేసింది. ఫెర్రీలో రైలింగ్ దగ్గర నిలబడితే నాను చెయ్యి వదల్లేదు" అంది పద్మిని.

"మమ్మీ, బస్ కరో!" అంది సుమ, ఇక చాలన్నట్టు.

"నువ్వూరుకో! దూకేస్తావేమోనని నాకు భయం, సెప్తాను!"

ప్రమోద సుమ వైపు తిరిగింది. "బేరం ఎలా జరిగిందో చెప్పు. ఒక్క మాటా వదలకు."

"ప్రతి ఆదివారం అందరం రాజేంద్ర భయ్యా దుకాణంలో కలుస్తాం దీదీ. మూడు వారాల కిందట అక్కడే బేరం జరిగింది. ఈ కార్డు బయట నలభై వేలకు అమ్ముడవుతోందని ఫోన్‌లో చూపించాను. సత్యారావు అంకుల్ కార్డును కౌంటర్ మీద పెట్టి వేలితో నొక్కాడు. అది ఉయ్యాల్లా ఊగింది. 'వంగిపోయింది, ఖరాబ్ మాల్, పది వేలు తీసెయ్' అన్నాడు."

"ఒప్పుకున్నావా?"

"ఏం చెయ్యను? ఇక్కడ మెరుపు కార్డులన్నీ వంగిపోతాయి. వంగినదానికి ఎవరూ పూర్తి ధర ఇవ్వరు. చిన్నప్పటి నుంచీ అంతే."

"తర్వాత?"

"రాజేంద్ర భయ్యా కార్డును లోపలి గదిలోకి తీసుకెళ్లి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తెచ్చాడు. వంపుకి మూత లేస్తోందని అంకుల్ ఇంకో రెండు వేలు కోశాడు. ఏడుపొచ్చింది. ఫీజుకి గడువు దగ్గరపడింది, ఇచ్చేశాను."

"ఆ లోపలి గదిలోనే మార్చీసినాడు!" పద్మిని బల్ల మీద కొట్టింది. "ఆ రాజేంద్రే! వాడి మొహం చూస్తేనే తెలుస్తాది!"

"మొహం కేసులో పనికిరాదమ్మా" అంది ప్రమోద. "సుమా, నీ దగ్గర వంగిన కార్డు ఇంకోటుందా? ఎంత చవకదైనా సరే."

సుమ సంచిలోంచి ఒకటి తీసిచ్చింది. విల్లులా వంగి ఉంది. ప్రమోద దాన్ని మూత బిగుసుకునే డబ్బాలో పెట్టి, కెమెరా సంచిలో తేమ పీల్చడానికి ఉండే గుళికల పొట్లాలు నాలుగు అందులో పడేసి మూత పెట్టింది. అప్పలరాముడికి అర్థం కాలేదు. అడగలేదు కూడా. అడిగితే ఆమె చెప్పదు.

*

రాజేంద్ర దుకాణం రేవుకు ఎదురుగా ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఉప్పుగాలికి క్యాలెండర్ కాగితాలు కూడా మెత్తబడిపోయాయి. ప్రమోద పేరు చెప్పగానే రాజేంద్ర మండిపడ్డాడు.

"నన్ను అనుమానిస్తే మర్యాదగా ఉండదు దీదీ! మా తాత నాటి నుంచి ఈ దుకాణం నడుపుతున్నాం. లోపలికెళ్లింది డబ్బా కోసం, అంతే!"

"ఆ కార్డు ఇప్పుడెక్కడుంది?"

రాజేంద్ర చూపు తప్పించి గోడ వైపు చెయ్యి చూపాడు. మేకుకు దారంతో కార్డు వేలాడుతోంది. దాని కింద 'నకిలీ' అని రాసిన అట్ట ముక్క ఉంది.

"వారం దాటింది. అందరికీ కనబడేలా తగిలించమని సత్యారావు గారే ఇచ్చారు. నేనేం చేస్తాను? ఆయన మాకు పెద్ద గిరాకీ."

"ఒక పిల్ల పరువు మేకుకు తగిలించమంటే తగిలించేస్తారన్నమాట" అంది ప్రమోద. కార్డును మేకు మీదనుంచి తియ్యకుండానే అంచువైపు నుంచి కాసేపు చూసింది. "ఆదివారం వరకు ఇలాగే ఉంచండి. ముట్టుకోవద్దు."

సత్యారావు ఇంటి హాల్లో ఏసీ చల్లగా తగిలింది. ఆయన వాళ్లను కూర్చోమనలేదు. వెనుక అద్దాల బీరువాలో కార్డులు వరసగా, పలకల్లా తిన్నగా నిలబడి ఉన్నాయి. బీరువాలో తేమ ఎంతుందో చూపే చిన్న మీటరు మెరుస్తోంది.

"మోసం చేసింది ఆ పిల్ల, నన్ను అడుగుతారేంటి?"

"మీ కార్డులు బాగున్నాయి. ఒక్కటీ వంగలేదే?"

"నేను మంచి సరుకే కొంటానమ్మా."

"అలాగా" అని ప్రమోద వెనుదిరిగింది. మెట్లు దిగుతూ అప్పలరాముడు ఆమె ముఖం చూశాడు. పళ్లు బిగించి ఉంది. ఆమెకు అంత కోపం రావడం అతను ఎప్పుడో గానీ చూడలేదు.

*

ఆదివారం దుకాణం నిండిపోయింది. తుష్నాబాద్ నుంచి బస్సులో వచ్చే గోపినాథ్ మొదలు, కార్డులు మార్చుకునే వాళ్లంతా ఉన్నారు. సత్యారావు ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు. పద్మిని కూతురి మోచెయ్యి పట్టుకునే ఉంది.

"అమ్మాయి ఇచ్చిన కార్డు లోపలి గదిలో మారి ఉండొచ్చని పద్మిని గారు అనుకున్నారు" అని ప్రమోద మొదలుపెట్టింది. "నేనూ ముందు అదే అనుకున్నాను. కానీ రాజేంద్ర గారు డబ్బా తెచ్చాక, మూత లేస్తోందని రెండు వేలు తగ్గించిందెవరు?"

"నేనే. న్యాయమే కదా!" అన్నాడు సత్యారావు.

"అంటే లోపలి గది దాటి వచ్చాక కూడా మీ చేతిలోకి వచ్చింది వంగిన కార్డే. ఇక్కడున్న వాళ్లంతా చూశారు. మరి మీరు వెనక్కి తెచ్చిన ఈ కార్డు చూడండి." ఆమె దాన్ని మేకు మీదనుంచి తీసి కౌంటర్ మీద పెట్టి వేలితో నొక్కింది. కదలలేదు. "గాజు పలకలా తిన్నగా ఉంది."

"అరే, నా బీరువాలో ఉంచితే ఆరిపోయి తిన్నగా అయింది! దానికేం?"

గోపినాథ్ మెల్లగా అన్నాడు, "ఆరితే తిన్నగా అవుద్దా?"

సత్యారావు చూపు గుమ్మం వైపు మళ్లింది.

"అవుతుంది" అంది ప్రమోద. "నేను సుమ దగ్గరున్న ఇంకో వంగిన కార్డుతో చేసి చూశాను. పొడి డబ్బాలో పెడితే తిన్నబడింది. మీరెవరూ ఈ తేమ గాలి తప్ప వేరే గాలిలో కార్డును చూడలేదు. కాబట్టి వంగింది పాడైందనుకున్నారు. సత్యారావు గారికి మాత్రం తెలుసు. మీ దగ్గర ఖరాబ్ మాల్ అని కొని, బీరువాలో ఆరబెడతారు. ఆ సంగతి తర్వాత. ముందు ఇది చూడండి. తిన్నబడిన ఆ చవక కార్డును పొద్దున్న దుకాణం తెరవగానే ఈ గుమ్మం దగ్గర పెట్టించాను."

అప్పలరాముడు దాన్ని ఎత్తి చూపించాడు. మళ్లీ విల్లులా వంగింది.

"మెరుపు పొరకు తేమ పట్టదు, వెనుక అట్ట మాత్రం ఉబ్బుతుంది. అందుకే వంగుతుంది. మరి వారం పైన ఇదే గాలిలో వేలాడిన కార్డు ఎందుకు వంగలేదు? దీనికి మెరుపు పొర లేదు కాబట్టి. ఉత్త అట్ట మీద మెరిసే రంగు అచ్చు వేయించారు. సత్యారావు గారూ, సుమ మీకిచ్చింది ఇది కాదు. అసలుది ఉంచుకుని, ఇచ్చిన డబ్బు కూడా వెనక్కి లాగాలనుకున్నారు. పోలీసుల్ని పిలుస్తానన్నారుగా? పిలవండి. ముందు మీ బీరువా తెరుస్తారు."

సత్యారావు ముఖం మీద చెమట తుడుచుకున్నాడు. "గొడవెందుకమ్మా... అసలు కార్డు నా దగ్గరే ఉంది. తగ్గించిన పన్నెండు వేలూ ఇచ్చేస్తాను. పది... సరే, పన్నెండే."

"సిగ్గు లేదురా నీకు!" పద్మిని అతని మీదికి వెళ్లబోయింది. "పిల్ల చచ్చిపోతే కూడా ఇలాగే బేరమాడతావా? దానికెంత కోస్తావు?"

సుమ తల్లిని ఆపింది. ఆ రోజు ఆమె మొదటిసారి తలెత్తి అందరినీ చూసింది.

"అంకుల్, గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. నేను నకిలీది ఇవ్వలేదని, మీరే మార్చారని."

"రాసి పెడతాలే, వాయిస్ ఎందుకు?"

"వాయిసే."

ఆయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గొణిగాడు. 'గట్టిగా' అంది పద్మిని. మళ్లీ చెప్పాడు.

"ఇంకోటుంది" అంది సుమ. "వంగిన కార్డు పాడైనట్టు కాదని, ఆరబెడితే బాగవుతుందని కూడా చెప్పండి."

"అది చెప్తే ఇక నాకెవడమ్ముతాడు బేటీ?"

"పూర్తి ధర ఇస్తే అందరం అమ్ముతాం. చెప్పండి."

చెప్పాడు. చుట్టూ ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి.

గోపినాథ్ సంచి కింద పెట్టి ముందుకొచ్చాడు. "పోయిన వానాకాలం నా దగ్గర సగం ధరకి ఒకటి కొన్నావు కదా సత్యారావూ? అదెక్కడుంది?"

"నా దగ్గర రెండు" అన్నారు వెనుక నుంచి ఎవరో.

"నాదీ..."

సత్యారావు కుర్చీలోంచి లేచాడు. అప్పటికే పద్మిని కూతురి చెయ్యి వదిలేసి, గుమ్మం దగ్గరికి నడిచి, బార్లా తెరిచిన తలుపులు రెండూ మూసి, వాటికి వీపు ఆనించి నిలబడింది.