మూడు బుడగలు

అన్నయ్యకి వీడియో ఆటల్లో అన్నీ వచ్చు, నీళ్లు తప్ప. ఎంతటి రాక్షసుణ్ణయినా చిటికెలో మట్టికరిపించేవాడు. నీళ్ల అడుగు దశ వచ్చిందా, పులి కాస్తా పిల్లి అయిపోయేది. మీట నొక్కిన కాసేపటికి గాని బొమ్మ కదలదు. పైకెటో కిందికెటో తెలియదు. మూలన ఊపిరి బుడగలు ఒక్కొక్కటే పగిలిపోతుంటాయి. ఈ దశలు కనిపెట్టినవాడి చేతులు విరగ్గొట్టాలి అని తిట్టి తిట్టి, చివరికి మేడమీదున్న చెల్లెల్ని పిలిచేవాడు.

"కప్పా! రావే, ఈ ఒక్కటీ దాటించు."

మొదట్లో సరదాగానే దిగివచ్చేది. ముప్పై దాటిన అన్నకి ఈ చాకిరీ ఏమిటని తర్వాత విసుగు పుట్టింది. ఆ రోజూ పిలిచాడు, రెండుసార్లు. "ఉండన్నయ్యా, వస్తా" అని తలుపు గడియ పెట్టుకుంది. రెండో పిలుపులో గొంతు సన్నగా ఉంది. ఆమె విన్నది. వెళ్లలేదు. సాయంత్రం అమ్మ చూసేసరికి అన్నయ్య కుర్చీలోనే ఉన్నాడు, ప్రాణం లేదు. ఆయాసం వస్తే పీల్చే మందు బల్ల కిందికి దొర్లిపోయి ఉంది.

పదిహేడు రోజులుగా ఆ ఆట అలాగే నిలిపి ఉంది. నీళ్లలో ఉండగా కట్టేస్తే ఆడిందంతా పోతుంది. తెరమీద నీళ్ల అడుగున అన్నయ్య బొమ్మ, మూలన మూడు బుడగలు. "వాడు కట్టొద్దనేవాడుగా" అని అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే ఆమె వచ్చి కూర్చుంది. పోయాక చేసే సాయం ఎవరిక్కావాలి? తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వాణ్ణి పైకి తేవాలి.

తన కంట్రోలర్ తీసి, నిలిపి ఉన్న ఆటని కదిలించింది. ఆమె ఆకుపచ్చ కప్ప బొమ్మ నీళ్లలోకి దూకింది. ఆ ఆటలో చెయ్యి పట్టుకుంటే ఊపిరి పంచుకోవచ్చు. అడుగుకి ఈది, అన్నయ్య బొమ్మ చెయ్యి అందుకుంది.

బల్లమీది అన్నయ్య కంట్రోలర్ గుర్రుమని కదిలింది.

అన్నయ్య బొమ్మ కూడా ఆమె చెయ్యి పట్టుకుంది. గట్టిగా.

గదిలో నాచు వాసన... తడిసిన గోడల వాసన. ఆమె బుడగలు ఒక్కొక్కటే అటు పోతున్నాయి. ఛాతీ బిగుసుకుంటోంది.

"పదన్నయ్యా... ఇంకొంచెం..."

అన్నయ్య తల నీళ్లు దాటింది. గట్టెక్కాడు. ఆమె ఏడుస్తూ నవ్వింది.

అప్పుడు ఆ బొమ్మ చెయ్యి వదిలేసింది. వెనక్కి చూడకుండా నడిచి తెరలోంచి వెళ్లిపోయింది.

ఆకుపచ్చ బొమ్మ కిందికి జారుతోంది. ఆమె మీట నొక్కింది. కదల్లేదు. మళ్లీ నొక్కింది... మూడు బుడగలు మిగిలాయి.

ఆట ఆగిపోయింది. ఆపింది ఆమె కాదు.

ఊపిరి అందడం లేదు. అమ్మని పిలవబోతే గొంతు సన్నగా, ఈలలా వచ్చింది. "అన్నయ్యా..."

మేడమీద, ఆమె గదిలోంచి, విసుగ్గా బదులు వచ్చింది.

"ఉండవే కప్పా... వస్తా."

పైన తలుపు మూసుకుంది. లోపలినుంచి గడియ పడింది.