మైదెర్ ‘మీరు’ అంది

“టికెట్ తీసుకోండి. హెల్మెట్లు ఆ బుట్టలో ఉన్నాయి, మీ తలకి సరిపోయేది చూసుకోండి.”

తడిసిన సంచీ భుజాన అలాగే ఉంచుకుని గానిష్ నిలబడిపోయాడు. లోయ గేటు దగ్గర చెక్క గదిలో కూర్చుని ఆ మాట అన్నది పరాయి మనిషి కాదు, పక్కింటి మైదెర్. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గుహలో తప్పిపోయి, ఒకే రోజు తన్నులు తిన్నవాళ్ళు. మొన్న ఫోనులో “వచ్చి తగలడు, ఎవరొద్దన్నారు” అన్న పిల్ల ఈ రోజు మీరు అంటోంది.

వాళ్ళ ఊరు లెజేటాలో మీరు అనేది చర్చి ఫాదర్‌ని, పెద్దవాళ్ళని, టూరిస్టుల్ని. కలిసి పెరిగినవాళ్ళు నువ్వు అనుకుంటారు. గానిష్ ఇంట్లో అయితే అమ్మ పోయాక మిగిలింది నాన్న, ముగ్గురు అన్నలు, రెండు కుక్కలు. అక్కడ అందరూ నువ్వే.

“ఏంటే ఇది? నేను టూరిస్టునా?”

“లోయలోకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా టికెట్ తీసుకోవాలండీ.”

మూడు రోజుల నుంచి లారీలోనే నిద్ర. బస్సు కింది ఊరి దాకానే, అక్కణ్ణుంచి వానలో నడక. జేబులో ఒక కాగితం ఉంది. దాని మీద సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు ఉత్తరాదిన లారీ తోలాలి. రేపు పొద్దునకల్లా తేల్చి చెప్పమన్నారు. మైదెర్ ఉండమంటే ఉండిపోయి గొర్రెలు కాసుకుందామని అతని ఆశ. అది అడగడానికి నాలుగు వాక్యాలు దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాడు. ఆ నాలుగూ ఇప్పుడు గొంతులోనే చల్లారిపోయాయి.

సీజన్‌కి అదే ఆఖరి రోజు. ఇంకెవరూ వచ్చేలా లేరు. మైదెర్ గదికి తాళం వేసి తనూ ఒక హెల్మెట్ పెట్టుకుని వెంట నడిచింది. రెండు వైపులా నాచు పట్టిన రాతి గోడలు, మధ్యలో చెక్క వంతెన, కింద ఏటి హోరు. చిన్నప్పుడు తప్పిపోయిన గుహ ముందుకి వచ్చేసరికి ఇద్దరి కాళ్ళూ వాటంతట అవే ఆగాయి.

“నువ్వు నా మీద కోపంగా ఉన్నావా?”

“మీ మీద నాకెందుకండీ కోపం?”

“అదిగో, మళ్ళీ. నువ్వు బాగా అలసిపోయినట్టున్నావు.”

“అలసిపోనా మరి? ఆరు నెలల నుంచి టూరిస్టుల తలలకి హెల్మెట్లు తొడుగుతున్నాను.” ఆమె గొంతులో ఇందాకటి హుషారు లేదు. అతను నువ్వు అన్న ప్రతిసారీ ఆమె ముఖం ఇంకాస్త వాడిపోవడం గానిష్ చూశాడు. ఎందుకో మాత్రం తెలియలేదు.

“సరే అయితే. రేపు లారీ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేస్తాను. ఇంకో రెండేళ్ళు.”

“మీ ఇష్టం,” అంది మైదెర్, వాన వైపు తిరిగి.

కోపాలు ఎన్ని ఉన్నా పక్కింటివాడిని ఖాళీ కడుపుతో పంపే ఊరు కాదది. మైదెర్ వాళ్ళ వంటింట్లో పొయ్యి పక్కన కుర్చీ వేసి, ఆమె అమ్మమ్మ గషూష అతని ముందు వేడి వేడి క్యాబేజీ సూపు పెట్టింది. ఎనభై రెండేళ్ళ మనిషి, చెవులు మాత్రం పాముచెవులు.

“నువ్వు ఆ రొట్టె ఇటివ్వు,” అన్నాడు గానిష్ నీరసంగా.

“తీసుకోండి,” అంది మైదెర్.

అమ్మమ్మ చేతిలో గరిటె ఆగింది. “ఎప్పట్నించే?”

“ఇవాళే.” మైదెర్ చెవులు ఎర్రబడ్డాయి.

“మరి వీడు?”

“వాడికి... ఆయనకి తెలియలేదు.”

అమ్మమ్మ గానిష్ వైపు తిరిగింది. “ఒరేయ్, యాభై ఏళ్ళ కాపురంలో మా ఆయన్ని ఒక్కసారైనా నువ్వు అన్నానా? తిట్టినా మర్యాదగానే తిట్టాను, మీరు ఉత్త దద్దమ్మండీ అని. ఆయనా నన్ను మీరే అనేవాడు. నువ్వు అనేది తమ్ముణ్ణీ, కుక్కనీ. చేసుకోబోయేవాణ్ణి మీరు అంటాం. మీ ఇంట్లో ఆడదిక్కు లేక నీకెవరూ చెప్పినట్టు లేరు.”

గానిష్ నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

“రెండు రోజులుగా ఇది పాలు పితుకుతూ ఆవుని మీరు, మీరు అంటోంది. పిల్లకి మతి పోయిందేమోనని హడలి చచ్చాను. నీకోసమా ఈ ప్రాక్టీసంతా?”

“అమ్మమ్మా, ఇక చాల్లే,” అంది మైదెర్ తల దించుకుని.

గానిష్ జేబులోంచి కాగితం తీసి పొయ్యిలో పడేశాడు. తడిసి ఉండడంతో అది కాలడానికి చాలాసేపు మొరాయించి, వంటిల్లంతా పొగ చేసింది. అమ్మమ్మ దగ్గుతూ, తిట్టుకుంటూ కిటికీ తెరవడానికి వెళ్ళింది.

వల్లె వేసుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ళుగా నువ్వు అన్న నోరు, తిరగడానికి మొరాయించింది.

“మైదెర్.”

“ఊఁ.”

“మీ...” అని ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. “మీరు కూడా కాస్త సూపు తాగండి. చాలా అలసిపోయారు.”

ఆమె వచ్చి పక్కనే కూర్చుంది. కళ్ళలో నీళ్ళు పొగ వల్ల మాత్రం కాదు.

“పొయ్యండి,” అంది గిన్నె ముందుకు జరిపి.