సి కారిడార్‌లో లైట్లు

అమెరికాలో కాపెల్ అనే ఊరు దాటి కొంచెం అవతలికి వెళ్తే రైలు పట్టాల పక్కన, సామాను దాచుకోవడానికి గదులు అద్దెకిచ్చే ఒక పెద్ద స్టోరేజ్ ఉంది. ఇళ్ళు మారే మనవాళ్ళంతా సోఫాలూ సూట్‌కేసులూ అక్కడే పడేస్తారు. సి కారిడార్‌లో మాత్రం తెలుగువాళ్ళెవరూ గది తీసుకోరు. సగం అద్దెకిస్తామన్నా తీసుకోరు.

ఎందుకంటే — అక్కడ పోపు వాసన వస్తుందట. పొయ్యి లేదు, వంటిల్లు లేదు, తాళాలు వేసిన షట్టర్లు తప్ప ఇంకేమీ లేని చోట... ఆవాలు, కరివేపాకు. ఒక్కోసారి ఆడగొంతు సన్నగా పాడుతుందట కూడా. ముందెప్పుడో అక్కడ గది తీసుకున్న రాధారాణి గారని ఒకావిడ బొమ్మల కొలువు పెట్టె తెచ్చుకుందామని వెళ్ళి, ఆ పాట విని, పెట్టె అక్కడే వదిలేసి కారెక్కేసింది. నేను చూడలేదు, చూడబోను కూడా. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

తేజేశ్వర్ ఆ కారిడార్‌లోనే గది తీసుకున్నాడు. ధైర్యం ఎక్కువై కాదు. ఎవరూ రాని చోటు కావలసి వచ్చి.

సంగతేమిటంటే, ఆ శీతాకాలం వాళ్ళ అపార్ట్‌మెంట్లలో వరసగా దొంగతనాలు జరిగాయి. ఇండియన్ల ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలక్కూడా తెలిసిపోయింది. వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. అందులో ఒక మహానుభావుడు, హెచ్‌వన్‌బీ వీసా మీదున్నవాళ్ళు కూడా వేట లైసెన్స్ తీసుకుంటే తుపాకీ కొనుక్కోవచ్చని సలహా పడేశాడు. బొద్దింక కనపడితే భార్యని పిలిచే తేజేశ్వర్, ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో వేటగాడైపోయాడు.

తాకట్టు కొట్టులో ఓ మూల పడున్న పిస్టల్ కొన్నాడు. టర్కీ సరుకు, సెకండ్ హ్యాండ్, మంచి ఫోన్ కంటే చవక. పిడి మీద ఎవరి వేలో ఏళ్ళ తరబడి అరగదీసిన నున్నటి మచ్చ ఒకటి ఉంది. కొట్టువాడు దాన్నీ, తూటాలనీ పెట్టెలో పెట్టి ఇచ్చేసి, ఏదో బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

ఇంటికి తెస్తే భార్య చంద్రిక గుమ్మంలోనే ఆపేసింది.

"అది లోపలికి రావడానికి వీల్లేదు. ఇంట్లో ఐదేళ్ళ పిల్లుంది. బంగారం పోతే పోనీ. తన్వికేమన్నా అయితే?"

"లాకర్‌లో పెట్టి లాక్ చేస్తానే..."

"అదన్నా బయటుండాలి, నువ్వన్నా బయటుండాలి. తేల్చుకో."

కొట్టువాడు వాపసు తీసుకోనన్నాడు. అలా ఆ నల్లపెట్టె సి కారిడార్‌కి చేరింది. అక్కడ ఆయుధాలు దాచకూడదని రూల్స్‌లో స్పష్టంగా ఉంది. తేజేశ్వర్ చదివే సంతకం పెట్టాడు.

కొన్ని వారాలు గడిచాయి. డిసెంబర్‌లో ఒకరోజు ఆఫీసులో ఉండగా స్టోరేజ్ వాళ్ళ ఈమెయిల్ — పురుగుల మందు కొట్టడానికి రేపు పొద్దున్నే అన్ని గదులూ తెరుస్తాం.

తేజేశ్వర్‌కి చెమటలు పట్టాయి. అక్కడ గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోంది. ఇక్కడ రూల్ తప్పి తుపాకీ దాచాడని ఎవడన్నా పోలీసుల్ని పిలిస్తే? ఉద్యోగం, వీసా, తన్వి స్కూలు... ఇక అంతే సంగతులు.

అతను చేరేసరికి చీకటి పడింది. ఆ కారిడార్‌లో మనిషి నడిస్తేనే లైట్లు వెలుగుతాయి. ముందు లైటు టక్‌మని వెలుగుతుంది, వెనకది ఆరిపోతుంది. అలా నడుచుకుంటూ మధ్యలో ఉన్న తన గదికి వెళ్ళి, షట్టర్ ఎత్తి, పెట్టె చంకన పెట్టుకున్నాడో లేదో — గేటు వైపు ధడేల్‌మని ఇనప తలుపు దిగింది.

మూసే వేళయింది. కంగారులో చూసుకోలేదు.

పరిగెత్తుకెళ్ళి కోడ్ నొక్కాడు. ఎర్రలైటు. మళ్ళీ నొక్కాడు. ఎర్రలైటు. లోపల ఎవరైనా ఉండిపోతే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి, పోలీసులు వచ్చి తెరుస్తారు అని గోడమీద బోర్డుంది. చంకలో పెట్టె చూసుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

గది దగ్గరికి తిరిగొచ్చి గోడకానుకుని కూలబడ్డాడు. కదలకుండా కూర్చునేసరికి నెత్తిమీద లైటు ఆరిపోయింది. ఆ లైట్లు నిలబడ్డ మనిషినే కనిపెడతాయి, కూర్చున్నవాణ్ణి పట్టించుకోవు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

ఆ చీకట్లో... పోపు వాసన.

తడుముకుంటూ పెట్టె తెరిచాడు. పిస్టల్ తీసి తూటాలు ఎక్కించాడు. అతని బొటనవేలు తనంతట తనే వెళ్ళి ఆ నున్నటి మచ్చలో కుదురుకుంది.

టక్.

గేటు దగ్గర లైటు వెలిగింది. దాని కింద ఎవరూ లేరు.

టక్... రెండోది. దాని కిందా ఎవరూ లేరు. మొదటిది ఆరిపోయింది.

టక్... టక్... మనిషి తాపీగా నడిచొస్తున్నట్టే వస్తున్నాయి. అడుగుల చప్పుడు మాత్రం లేదు. తేజేశ్వర్ పిస్టల్ పిడి గట్టిగా పట్టుకున్నాడు. అతనికి కాస్త ఇవతల ఒక లైటు వెలిగి — అక్కడే ఆగిపోయింది.

అప్పుడు అతని వెనక, నేల మీద, ఏదో బరబరా పాకింది.

గిరుక్కున తిరిగి పిస్టల్ ఎత్తాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది...

"కాల్చకన్నా!"

గుసగుస. తెలుగు. వేలు అక్కడే ఆగింది.

చీకట్లోంచి ఒక అమ్మాయి మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చింది. ఉత్త కాళ్ళు, మాసిన స్వెటర్, ఏడుపు మొహం. "నేను పూజితనన్నా. ఎమ్మెస్ చేస్తున్న. రూమ్ రెంట్ కట్టలేక ఈడనే ఉంటున్న. మీ కాళ్లు మొక్కుత, ఎవ్వరికి చెప్పకండి."

తేజేశ్వర్ పిస్టల్ నేలమీద పెట్టేశాడు. ఇంకొక్క పిసరు నొక్కి ఉంటే... కన్నవాళ్ళు ఇంత దూరం పంపుకున్న పిల్ల. అతనికి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"అయితే ఆ పోపు వాసన?"

"నాదే. వాక్యూమ్ క్లీనర్ పెట్టే ప్లగ్గుకు కరెంటు కుక్కర్ పెడ్త."

"పాట?"

"ఒక్కదాన్నే కదన్నా. భయమైతది. నాకు నేనే పాడుకుంట."

కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది తేజేశ్వర్‌కి. ఊళ్ళోవాళ్ళందర్నీ హడలగొట్టిన దెయ్యం ఈ పిల్లా! "ఆ లైట్లతో నా గుండె ఆపేశావు కదమ్మా."

పూజిత నవ్వలేదు.

"లైట్లు వెలగొద్దనే కదన్నా నేను పాక్కుంట తిరిగేది."

ఇద్దరూ అటు చూశారు. ఆ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. దాని కింద ఖాళీ.

"మొదలు ఇది లేకుండె," గుసగుసగా అంది. "మీరు గా డబ్బ తెచ్చిన కాన్నుంచే. దినాం ఇదే యాళ్లకు వస్తది. మీ షట్టర్ కాడ నిలబడ్తది. మస్తు సేపు నిలబడ్తది. దాన్ని ఈడ ఉంచకండన్నా... మీకు ఇల్లుంది. నాకింకో జాగ లేదు."

వెనకవైపు ఒక ఎమర్జెన్సీ తలుపుంది, దాని అలారం ఎప్పుడో చెడిపోయిందంది. తూటాలు తీసేసి, పెట్టె మూసి, తేజేశ్వర్ ఆ అమ్మాయి వెనకే మోకాళ్ళ మీద పాకాడు. వాళ్ళ నెత్తిన ఒక్క లైటూ వెలగలేదు.

వెనక మాత్రం... టక్. కాసేపాగి... టక్.

బయట చల్లగాలి తగిలాక అతనికి మనిషినన్న స్పృహ వచ్చింది. పూజితకి తన నంబరిచ్చాడు. "రేపు పొద్దున మందు కొట్టేవాళ్ళు రాకముందే బయటికొచ్చెయ్. మా ఆవిడతో మాట్లాడతాను. ఏదో ఒకటి చేద్దాం. ధైర్యంగా ఉండమ్మా." పెట్టెని డిక్కీలో పెట్టి లాక్ చేశాడు. తెల్లారగానే పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళి అప్పగించేయాలి. వీసా ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఆ నిర్ణయం తీసుకున్నాక దారంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

అపార్ట్‌మెంట్ ముందు కారాపి, డిక్కీ లాక్ ఇంకోసారి చూసుకుని, ఖాళీ చేతుల్తో మెట్లెక్కాడు. ఇంట్లోకి ఆ దరిద్రాన్ని తీసుకురాలేదు, అది చాలు.

చంద్రిక తలుపు తీసింది. మొహం చిటపటలాడుతోంది. రెండు చేతులూ చాపి చూపించబోయాడు. అంతలో ఆమె కళ్ళు అతని భుజం మీదుగా వెనక్కి వెళ్ళాయి. గబుక్కున చున్నీ సర్దుకుని నవ్వు తెచ్చుకుంది.

"హాయ్! ప్లీజ్ కమిన్."

పక్కకి జరిగి దారిచ్చింది. ఆ తర్వాత తేజేశ్వర్ చెవి దగ్గర పళ్ళు బిగించి తెలుగులో — "ఎవర్నన్నా తీసుకొస్తున్నప్పుడు ఒక్క ఫోన్ కొట్టొచ్చుగా! ఇల్లెలా ఉందో చూడు."

తేజేశ్వర్ మెడ తిప్పలేకపోయాడు. అతని పక్కనుంచి చల్లగా ఏదో లోపలికి వెళ్ళింది.

"హాయ్ అంకుల్!" తన్వి సోఫా మీది బొమ్మలన్నీ ఒక పక్కకి నెట్టి చోటు చేసింది. "ఇక్కడ కూర్చో అంకుల్."